హనుమకొండ ఇంట్లో రీఫ్ ట్యాంకు: కోరల్ రంగుల కోసం మూడున్నరేళ్ళు వాడినవాటిపై సమీక్ష

నయీంనగర్‌లోని మా ఇంటి హాల్లో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ఉప్పునీటి ట్యాంకు మూడున్నరేళ్ళుగా నడుస్తోంది. రాళ్ళూ ఇసుకా పోగా, కింద ఫిల్టర్లు పెట్టుకునే సంప్ తొట్టితో కలిపి సుమారు 180 లీటర్ల నీళ్ళు పడతాయి. అందులోని కోరల్స్‌కు, అంటే పగడపు జీవులకు, మంచి రంగు రావాలని ఇన్నేళ్ళలో నేను కొన్న లైట్లు, ఫిల్టర్లు, మీటర్లు, మందు సీసాల్లో ఏవి పనికొచ్చాయో, ఏవి అల్మారాలో దుమ్ము పట్టి ఉన్నాయో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

నా ట్యాంకులో రాతి పగడాలు లేవు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కాబట్టి వాటి జోలికి పోలేదు. తోటి అభిరుచిగలవారు తమ ట్యాంకుల్లో పెంచి ముక్కలు చేసి ఇచ్చిన మష్రూమ్‌లు, జోయాంతిడ్‌లు, రెండు లెదర్ కోరల్స్ అనే మెత్తని రకాలు మాత్రమే నా దగ్గర ఉన్నాయి. కాబట్టి నేను చెప్పేదంతా మెత్తని కోరల్స్‌కు వర్తించేదే.

ట్యాంకు పెట్టిన కొత్తలో మా అమ్మ దగ్గరికి వచ్చి చూసి, "పగడాలంటివి, ఎర్రగ ఒక్కటన్న లేదేంది బిడ్డా?" అని అడిగింది. ఆమెకు తెలిసిన పగడం పుస్తెలతాడులో గుచ్చేది. అది మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జాతి లోపలి గట్టి భాగం, దాని ఎరుపు ఆ గట్టిదనంలోనే ఉంటుంది, అందుకే ఎన్నేళ్ళు మెడలో ఉన్నా పోదు. మా ట్యాంకులో ఉన్నవాటి రంగు మాత్రం బతికున్న కండలో ఉంటుంది. ఆ జీవి తిండీ, వెలుతురూ, నీళ్ళ వేడీ ఎలా ఉంటే రంగూ అలా మారుతుంది. ఈ తేడా అమ్మకు వివరించానే గాని, నాకు సరిగ్గా బోధపడటానికి ఏడాదిన్నర పట్టింది.

కోరల్ కండలో రెండు రకాల రంగులుంటాయి. మొదటిది అందులో కాపురముండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలది (నాచు లాంటివి). పోకచెక్కలాంటి గోధుమ రంగు. రెండోది కోరల్ తానే తయారుచేసుకునే ప్రోటీన్లది; ఆకుపచ్చ, ఎరుపు, నారింజ, నీలం ఛాయలు వీటివల్ల వచ్చేవే. జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చ ప్రోటీన్ మీద చేసిన పనికి షిమోమురా, చాల్ఫీ, సియెన్ అనే ముగ్గురికి 2008లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే కుటుంబానికి చెందిన ఎర్ర ప్రోటీన్‌ను 1999లో డిస్కోసోమా నుంచి వెలికితీసి ప్రకటించారు. మా ఇంట్లో ఉన్న మష్రూమ్‌లూ ఆ డిస్కోసోమాలే. నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు ఎక్కువైతే శైవలాలు విపరీతంగా పెరిగి, గోధుమ రంగు కింద మిగతా రంగులన్నీ కప్పబడిపోతాయి. నేను ఈ మొదటి సగం మాత్రమే చదివి, అసలు పొరపాటు చేశాను.

నైట్రేట్, ఫాస్ఫేట్ ఎంత తక్కువుంటే అంత మంచిదనుకుని, ట్యాంకు కొలతకు మించిన స్కిమ్మర్ (నీళ్ళలోని మలినాలను నురగగా తీసేసే పరికరం) బిగించి, ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలను నీళ్ళు లోపలినుంచి పారే రియాక్టర్ గొట్టంలో నింపి, చేపలకు రెండు రోజులకొకసారి చిటికెడు మేత వేశాను. నాలుగు నెలల్లో రెండు టెస్టులూ సున్నా చూపించాయి. ఆ సున్నాను నోటుబుక్కులో రాసుకుని ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను కూడా. అదే నెలలో జోయాంతిడ్‌ల రంగు పాలిపోయి, వెలిసిపోయిన చీర అంచులా తయారైంది. ఆపైన ఇసుక మీద చీమిడిలాంటి గోధుమ రంగు పొర కట్టి, మధ్యాహ్నానికి దాని నిండా గాలి బుడగలు చేరేవి. రాత్రి లైటు ఆరిపోయాక పలచబడి, మర్నాడు పగలు మళ్ళీ దట్టంగా కనిపించేది. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడు ఒక చుక్క తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను పిలిచాడు. నువ్వుగింజ ఆకారంలో ఉన్న కణాలు, ఒక కొసన తాడు కట్టిన దూడలు గుంజ చుట్టూ తిరిగినట్టు, ఉన్నచోటే గిరగిర తిరుగుతున్నాయి. ఆ కదలికను బట్టి అవి ఆస్ట్రియాప్సిస్ అనే డైనోఫ్లాజెల్లేట్‌లని (ఒక రకం ఏకకణ జీవులని) తేలింది. పోషకాలు సున్నాకు చేరిన ట్యాంకుల్లో పోటీకి వేరే శైవలాలు లేనప్పుడు ఇవి తిష్ట వేస్తాయి.

గుళికలు తీసేశాను, స్కిమ్మర్‌ను రోజుకు ఆరు గంటలే నడిపాను, చేపలకు పూటపూటా మైసిస్ రొయ్యలు వేశాను. రాత్రిపూట ఆ కణాలు నీళ్ళలోకి లేస్తాయి కాబట్టి అతినీలలోహిత కాంతితో వాటిని చంపే ఒక యూవీ ఫిల్టర్ బిగించాను. పదకొండు వారాలు పట్టింది గాని ఆ పీడ వదిలింది. నైట్రేట్ 5 పీపీఎమ్‌కు (పది లక్షల భాగాల్లో 5), ఫాస్ఫేట్ 0.05 పీపీఎమ్‌కు దగ్గరగా నిలకడైన తర్వాతే నేను ఎప్పుడూ చూడని రంగులు బయటపడ్డాయి. కోరల్ ఆకలితో ఉన్నప్పుడు ప్రోటీన్ తయారుచేసుకోదని అప్పుడు అర్థమైంది. ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి 2013లో వచ్చిన పరిశోధనను ఆ తర్వాత చదివాను. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ అసలు లేకుండా పోతే, వేడికీ వెలుతురుకూ కోరల్ తెల్లబడే ప్రమాదం పెరుగుతుందని అందులో తేల్చారు. ఆ పని నేను ముందే చదివి ఉంటే ఐరన్ ఆక్సైడ్ డబ్బా కొనేవాణ్ణి కాదు. ఆ డబ్బా ఇప్పటికీ సగం నిండుగానే ఉంది.

అందుకే నేను కొన్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ మార్కులు నీళ్ళలో ఫాస్ఫరస్ కొలిచే హన్నా కంపెనీ చిన్న మీటరుకు, అంటే చెకర్‌కు వేస్తాను. రంగు అట్టతో పోల్చి చూసే టెస్టులో 0.03కూ 0.1కూ మధ్య తేడా నా కళ్ళకు ఎప్పుడూ ఆనలేదు. చెకర్‌లో అంకె కనిపిస్తుంది. నా దగ్గర ఉన్నది ఫాస్ఫరస్‌ను పీపీబీలో (వంద కోట్ల భాగాల లెక్కలో) చూపిస్తుంది, దాన్ని 3.066తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎమ్‌లో వస్తుంది. తెరమీద 16 వస్తే దాదాపు 0.05 అన్నమాట. మొదట్లో నాకు ఒకే నీళ్ళకు 9 ఒకసారి, 31 ఒకసారి వచ్చాయి. తప్పు నాదే. గాజు సీసా మీద నా వేలిముద్ర ఉంది. ఇప్పుడు పొడి వేసి రెండు నిమిషాలు మెల్లగా కలిపి, లోపలి గోడకు అంటుకున్న బుడగలు పైకి లేచేదాకా ఆగి, కళ్ళద్దాలు తుడిచే గుడ్డతో సీసాను తుడిచి, గీత ముందు వైపుకే ఉండేలా పెడతాను. అలా చేసినప్పటి నుంచి వరుసగా మూడు సార్లు చూసినా ఒకటి రెండు అంకెల తేడాయే వస్తోంది.

లైటు విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. నీలి లైటు రెండు పనులు చేస్తుంది. కోరల్ చేత రంగు ప్రోటీన్లను ఎక్కువ తయారుచేయించడం నిజం. ఉన్న కాస్త రంగునూ ధగధగలాడేలా మన కంటికి చూపించడం కూడా అంతే నిజం. పై ఊరి నుంచి ఫోటో చూసి తెప్పించుకున్న ఒక జోయాంతిడ్, ఫోటోలో నిప్పుకణికలా ఉండి, పార్సిల్ విప్పి కిటికీ దగ్గర పెట్టేసరికి తడి బెల్లంలా ఉంది. అమ్మినతను మోసం చేశాడని అననుగాని, తెల్ల లైటు కింద తీసిన ఫోటో ఒకటి పంపమని అడగకపోవడం నా తెలివితక్కువ. మా ట్యాంకులో నీలం, ఊదా రంగు లైట్లు పది గంటలు, తెల్లటివి తక్కువ తీవ్రతతో ఆరు గంటలు వెలుగుతాయి. రంగు ఎలా ఉందో మధ్యాహ్నం తెల్ల లైటు ఉన్నప్పుడే చూసి రాసుకుంటాను.

కొత్త లైటును తొలిరోజే పూర్తి తీవ్రతతో పెట్టినందుకు మష్రూమ్‌లు వారం తిరగకుండా అంచులు లోపలికి మడుచుకుని, రూపాయి బిళ్ళంత ఉన్నవి బటాణీ గింజంతై కూర్చున్నాయి. తర్వాత ముప్పై శాతంతో మొదలుపెట్టి వారానికి ఐదేసి శాతం పెంచుకుంటూ వచ్చాను. శైవలాలకు పనికొచ్చే వెలుతురును కొలిచే పార్ మీటరును అరువు తెచ్చి కొలిస్తే ఇసుక దగ్గర 60, రాయి మీద 180 వచ్చింది. మష్రూమ్‌లను 60 నుంచి 80 ఉండే నీడలో, జోయాంతిడ్‌లను 100 నుంచి 130 మధ్య, లెదర్లను పైన సర్దాను. ఒక మష్రూమ్ ఆరు నెలలకు ముదురు ఎరుపు తిరిగి, ఇప్పుడు దాని మీద ఆవగింజలు చల్లినట్టు నీలి చుక్కలు కనిపిస్తున్నాయి.

నీళ్ళ గురించి వరంగల్ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు మా బోరు నీళ్ళకు 800 దాటి చూపిస్తుంది, నల్లా నీళ్ళకు 300 అటూ ఇటూ. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్.ఓ. యంత్రం నుంచి పట్టిన నీళ్ళే మంచివనుకుని ఏడాది పాటు అవే వాడాను. రుచి కోసం చివర్లో ఖనిజాలు కలిపే కార్ట్రిడ్జ్ ఒకటి అందులో ఉంటుందన్న సంగతి, మెకానిక్ మూత విప్పి చూపించేదాకా నా బుర్రకు తట్టలేదు. దాని ముందు నుంచే గొట్టం తీయించి, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెసిన్ గొట్టం తగిలించాక మీటరు సున్నా చూపిస్తోంది. లీటరుకు 36 గ్రాముల చొప్పున సింథటిక్ ఉప్పు కలిపి, వారానికి 20 లీటర్ల నీళ్ళు మారుస్తాను. లవణీయతను వెయ్యికి 35 భాగాల దగ్గర ఉంచుతాను. మెత్తని కోరల్స్ కాల్షియం పెద్దగా వాడుకోవు కాబట్టి ఈ మార్పుతోనే క్షారత 8 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) దగ్గర నిలుస్తోంది.

రంగు పెంచుతామని రాసి ఉన్న సీసాలు నాలుగు కొన్నాను: అయోడిన్, పొటాషియం, ఇనుము, మరొకటి మిశ్రమం. ఆరు నెలలు చుక్కలు లెక్కపెట్టి వేశాను, రెండు నెలలు పూర్తిగా మానేశాను. మానేసిన నెలల ఫోటోలు తేదీలు తీసేసి చూపిస్తే ఇంట్లో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ఉప్పులో ఉండే ఖనిజాలే వారంవారం నీళ్ళతో అందుతున్నప్పుడు, ఇంట్లో కచ్చితంగా కొలవలేని అయోడిన్‌ను పైనుంచి పోయడం నాకు అనవసర సాహసంగా అనిపించింది.

నీళ్ళను చల్లబరిచే చిల్లర్ మాత్రం మా ఊళ్ళో తప్పనిసరి ఖర్చు. మే నెలలో బయట 44 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాన్లతో నెట్టుకొద్దామని చూశాను. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరయ్యేవి, అయినా సాయంత్రానికి నీళ్ళు 30.5 డిగ్రీలకు చేరేవి. ఆ వేసవిలో పెద్ద లెదర్ ముడుచుకుపోయి మళ్ళీ తెరుచుకోవడానికి ఇరవై రోజులు తీసుకుంది, ఒక జోయాంతిడ్ గుత్తి తెల్లబడి చచ్చిపోయింది. చిల్లర్ వచ్చాక 26 డిగ్రీలు దాటడం లేదు. గాలిదుమారం లేచి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నీళ్ళను కదిపే పంపు, వేవ్‌మేకర్, ఒక్కటే నడుస్తుంది. నీళ్ళు కదులుతుంటే ఆక్సిజన్ అందుతుంది, ఒక పూట వేడిని అవి తట్టుకుంటాయి.

జోయాంతిడ్‌లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. రంగు తగ్గిందని వాటిని చేత్తో గిల్లడం, అవి ఉన్న రాయిని వేడినీళ్ళలో వేయడం ప్రాణం మీదికి తెస్తాయి. నేను ముక్క కోసేటప్పుడు రబ్బరు చేతొడుగులూ కళ్ళద్దాలూ లేకుండా కత్తి పట్టను, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను.

అమ్మ అడిగిన ఎరుపు ఇప్పుడు ఉంది. మష్రూమ్‌ను చూపించినప్పుడు, "ఇది పుస్తెల పగడం లెక్కనే ఉన్నది, తీసి గుచ్చరాదు?" అంది. బెల్లం రంగు జోయాంతిడ్ మాత్రం ఎన్ని చోట్లకు మార్చినా అదే రంగులో ఉంది. దాని పక్కన ఉన్నవి మూడూ ఆకుపచ్చా నారింజా తిరిగినా అది మారలేదు కాబట్టి, దానిలో రంగు ప్రోటీన్లే తక్కువని నా అనుమానం. పారేయడానికి మనసొప్పక వెనక గాజు దగ్గర, 130 వెలుతురు పడే చోట పెట్టాను, వచ్చే వేసవి దాటాక మళ్ళీ చూస్తాను.