ఒకే ఫోమ్ విమానంతో నాలుగు చలికాలాలు

మిషిగన్‌లో నవంబర్ నుంచి మార్చి దాకా బయట రిమోట్‌తో నడిపే మోడల్ విమానాలు ఎగరేసే మాట మరిచిపోవాల్సిందే. వేళ్లు కొంకర్లు పోతాయి, గాలి ఆగదు. అందుకే డెట్రాయిట్ పక్కన మేముండే ఊళ్లో మా క్లబ్బు ఒక స్కూల్ జిమ్‌ను గురువారం రాత్రిళ్లు రెండు గంటలు అద్దెకు తీసుకుంటుంది. బాస్కెట్‌బాల్ కోర్టు, చుట్టూ గోడలు, పైన లైట్లు, అంతే. అక్కడ నాలుగు చలికాలాల పాటు నేను ఎగరేసింది ఒకటే విమానం. యాక్-55 అనే సోవియట్ విన్యాసాల విమానం రూపంలో, ఈపీపీ అనే వంగే రకం ఫోమ్ షీటుతో కోసిన కిట్ అది. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 32 అంగుళాలు ఉంటుంది. ఈ తరహా కిట్లు చాలామంది చేస్తారు, అన్నీ దాదాపు ఒకే తీరు. కాబట్టి ఇది ఒక కంపెనీ గురించి కాదు, ఈ రకం విమానంతో ఆట మొదలుపెడితే ఎలా ఉంటుందన్న దాని గురించి.

కొనేటప్పుడు నేను చూసింది మోటర్ ఎంత పవర్, బ్యాటరీ ఎంత పెద్దది అని. ఇప్పుడు ఎవరైనా కొత్త విమానం తెచ్చి చూపిస్తే నేను అడిగేది ఒక్కటే: బ్యాటరీతో కలిపి ఎన్ని గ్రాములు?

ఎందుకో లెక్క చెప్తాను. హైస్కూల్ కోర్టు పొడవు 84 అడుగులు. విమానం సెకనుకు 20 అడుగులు పోతుంటే ఈ గోడ నుంచి ఆ గోడకు చేరడానికి నాలుగు సెకన్లు చాలు. ఆ నాలుగు సెకన్లలోనే తిప్పాలి, ఎత్తు చూసుకోవాలి, ఎవరి తల మీదకూ పోకుండా చూడాలి. అదే సెకనుకు 12 అడుగులైతే ఏడు సెకన్లు దొరుకుతాయి. నేర్చుకునేవాడికి ఆ మూడు సెకన్లే ప్రాణం. విమానం ఎంత నెమ్మదిగా పోయినా పడిపోకుండా ఉంటుందనేది రెక్కల వైశాల్యం మీద, బరువు మీద ఆధారపడుతుంది. అదే రెక్కలతో బరువు నాలుగో వంతు తగ్గిస్తే, పడకుండా ఉండటానికి కావాల్సిన కనీస వేగం 13 శాతం దాకా తగ్గుతుంది. మోటర్ పవర్ పెంచితే ఈ లాభం రాదు.

నా విమానం మొదటి రోజు 300 ఎంఏహెచ్ టూ-సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో 148 గ్రాములు తూగింది. 180 ఎంఏహెచ్ బ్యాటరీకి మారితే 140కి దిగింది. ఎనిమిది గ్రాములే కదా అనిపిస్తుంది. ఆ గురువారం మొదటిసారి మలుపు మధ్యలో ఊపిరి తీసుకునే తీరిక దొరికింది. ఎగిరే సమయం ఐదు నిమిషాల నుంచి మూడుకు పడిపోయింది, దానికి నేనేమీ బాధపడలేదు. ఏకాగ్రత కూడా అంతసేపే నిలుస్తుంది. అంతర్జాతీయ గగన క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ నడిపే ఎఫ్3పీ అనే ఇండోర్ విన్యాసాల పోటీల్లో వాడే విమానాలు 60 గ్రాముల లోపు కూడా ఉంటాయి. సన్నటి కార్బన్ పుల్లల మీద పొరలాంటి ఫిల్మ్ అతికించినవి. అవి గాల్లో ఎగురుతున్నట్టు ఉండదు, నీళ్లలో చేప కదిలినట్టు ఉంటుంది. ఒకసారి దగ్గరగా చూస్తే బరువు గురించి నేను ఇంత ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది.

కానీ మొదటి విమానంగా అలాంటిది వద్దు. డెప్రాన్ అనే ఇంకో రకం ఫోమ్‌తో చేసింది కూడా వద్దు. డెప్రాన్ తేలిక, గట్టిగా నిలుస్తుంది, కానీ గోడకు తగిలితే అప్పడంలా విరుగుతుంది. మామూలు సూపర్ గ్లూ పడితే కరిగిపోతుంది కూడా, దానికి ఫోమ్-సేఫ్ రకం విడిగా కొనాలి. ఈపీపీ వంగుతుంది, మళ్లీ నిలబడుతుంది. చిరిగితే మామూలు సూపర్ గ్లూ రెండు చుక్కలు వేసి పది సెకన్లు నొక్కి పట్టుకుంటే అక్కడికక్కడే అతుక్కుంటుంది. నా విమానం ముక్కు ఎన్నిసార్లు అతికించానో లెక్క లేదు. ఇప్పుడు ఆ భాగం వేలితో నొక్కితే ఫోమ్‌లా ఉండదు, ఎండిన జిగురుతో చెక్కలా గట్టిగా తగులుతుంది. దాని ధర కూడా గ్రాముల్లోనే కట్టాను: నాలుగో ఏడాదికి బరువు 157కు చేరింది. జిగురు ఎక్కువ పోయకండి, సన్నటి గొట్టం మూతి తగిలించి చుక్కచుక్కగా వేయండి.

ప్రొపెల్లర్‌ని మోటర్‌కు స్క్రూతో బిగించకుండా రబ్బరు రింగుతో కట్టే ప్రాప్ సేవర్ మాత్రం తప్పనిసరి. గోడకు కొట్టుకుంటే రింగు సాగి ప్రొపెల్లర్ పక్కకు ఒరుగుతుంది, మోటర్ షాఫ్టు బతుకుతుంది. రింగులు రెండు మూడు నెలలకు పగుళ్లు తేలుతాయి. గోరుతో సాగదీసి చూస్తే తెల్లటి గీతలు కనిపిస్తాయి, అప్పుడే మార్చేయాలి. ఒకసారి చూసుకోకుండా ఎగరేస్తే తెగి ప్రొపెల్లర్ ఎగిరి జిమ్ గోడకు తగిలింది. ఆ రోజు నుంచి కళ్లద్దాలు లేకుండా నేను మోటర్ ఆన్ చేయను. ట్రాన్స్‌మిటర్‌లో, అంటే చేతిలోని రిమోట్‌లో, మోటర్ తిరగకుండా ఆపే థ్రాటిల్ కట్ స్విచ్ పెట్టుకోవడం కూడా మొదటి రోజే చేయండి, చేతిలో విమానం ఉండగా రిమోట్ మీది కంట్రోల్ కర్రకు మోచెయ్యి తగలడం ఎంతసేపు!

రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటర్లు, సర్వోల దగ్గర నాకు ఎదురుదెబ్బ తగిలింది. ఐదు గ్రాములవి బాగా చవగ్గా దొరికితే మూడు తెప్పించాను. రెండో వారానికే ఒకదాని గేరు పళ్లు అరిగి ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) వణకడం మొదలైంది. ఈ విమానంలో ఎలివేటర్ 45 డిగ్రీల దాకా కదలాలి, సర్వోలో కొంచెం లూజు ఉన్నా ముక్కు నిలకడగా ఉండదు. మిగతా చోట ఎక్కడైనా పొదుపు చేయండి, సర్వోల్లో వద్దు.

ఇక ఎగరేయడం. మొదటి నెలంతా డ్యుయల్ రేట్స్ (పలకలు ఎంత దాకా కదలాలో చెప్పే రిమోట్ సెట్టింగ్) తక్కువలో పెట్టి, సగం థ్రాటిల్‌తో, అంటే మోటర్ సగం పవర్‌తో కోర్టు చుట్టూ గుండ్రంగా తిప్పడమే చేశాను, కుడివైపు ఎంతసేపో ఎడమవైపూ అంతసేపు. ఎక్స్‌పో, అంటే కర్ర మధ్యలో ఉన్నప్పుడు స్పందనను మెత్తబరిచే సెట్టింగ్, 50 శాతం దాకా ఉండాలి, లేకపోతే కర్ర కొంచెం కదిపినా విమానం ఉలిక్కిపడుతుంది. బ్యాటరీని అర అంగుళం ముందుకు జరిపితే నిదానంగా, చెప్పినమాట వింటూ ఎగురుతుంది. వెనక్కి జరిపితే చురుగ్గా తిరుగుతుంది కానీ కొత్తవాడి చేతిలో నిలవదు. అందుకే నా బ్యాటరీ వెల్క్రో పట్టీ పొడవుగా అతికించాను.

హోవర్ నేర్చుకోవడానికి నాకు రెండో చలికాలం మొత్తం పట్టింది. విమానం ముక్కు పైకి పెట్టి ప్రొపెల్లర్ లాగే బలం మీదే వేలాడాలి. సిమ్యులేటర్‌లో వచ్చేసింది, జిమ్‌లో రాలేదు. విమానం పైభాగం మన వైపు ఉంటే రడ్డర్ (ముక్కును కుడి ఎడమలకు తిప్పే తోక పలక) మామూలుగా పనిచేస్తుంది. మోటర్ టార్క్‌కి అది మెల్లగా తిరిగి కడుపు మన వైపు వస్తే అంతా తలకిందులు. అప్పుడు ముక్కు ఏ వైపు పడుతుంటే రడ్డర్ కర్ర ఆ వైపుకే నొక్కాలి. ఇది బుర్రకు తెలిస్తే చాలదు, వేలికి తెలియాలి. ఫిబ్రవరిలో ఒక గురువారం, ఫ్రీత్రో గీత మీద నా మోకాలి ఎత్తులో అది పదకొండు సెకన్లు నిలబడింది. తోక నేలకు జానెడు దూరంలో ఊగుతోంది, ప్రొపెల్లర్ గాలికి కోర్టు మీద దుమ్ము పక్కకు జరుగుతోంది. పక్కనున్న పెద్దాయన అంకెలు లెక్కపెడుతుంటే విన్నాను, ఆ తర్వాత చేతులు వణికాయి.

బ్యాటరీల విషయంలో బద్ధకం పనికిరాదు. నిండుగా ఛార్జ్ చేసి వదిలేస్తే ఉబ్బొచ్చు. ఎగరేయని రోజుల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఇండోర్‌కి అమెరికా విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, మా క్లబ్బు మాత్రం ఇన్సూరెన్స్ కోసం మోడల్ విమానాల సంఘం ఏఎంఏలో సభ్యత్వం అడుగుతుంది.

రెండేళ్ల కిందట జూలైలో తెనాలి వెళ్లినప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు తానే ఒకటి తయారుచేసి పెట్టాడు. వాడి దగ్గర వంటింటి త్రాసు లేదు. మా బావది బంగారం కొట్టు. సర్వోలు, మోటర్, ఒక్కో ఫోమ్ ముక్క, అన్నీ ఆ కొట్టులో త్రాసు మీద పెట్టి మిల్లీగ్రాముల్లో రాసుకున్నాడు. "మామయ్యా, వైర్లు కత్తిరిస్తేనే నాలుగు గ్రాములు తగ్గింది" అని నోట్‌బుక్ చూపించాడు. ఆషాఢం కాబట్టి ముహూర్తాలు లేవు, ఫంక్షన్ హాళ్లు ఖాళీ. బావ తెలిసినవాళ్లను అడిగి ఒక పూట ఇప్పించాడు. ముందు సీలింగ్ ఫ్యాన్లన్నీ ఆపించాం, ఆపినా ఫ్యాన్ రెక్కలు విమానానికి తగిలేంత కింద ఉన్నట్టు భయమేస్తుంది. ఏసీ గాలి కూడా ఇలాంటి తేలిక విమానాన్ని పక్కకు నెట్టేస్తుంది, అదీ ఆపించాం. చెమటలు కారుతుంటే పెళ్లి స్టేజీ ముందు వాడు ఎగరేశాడు. 112 గ్రాములు. నా దానికన్నా నెమ్మదిగా, నా దానికన్నా అందంగా తిరిగింది. మన దగ్గర ఇండోర్ స్టేడియం దొరక్కపోతే ఈ ఆట ఆడలేమనుకునేవాళ్లకు ఇది చెప్పాలనిపించింది.

తిరిగొచ్చాక నేను కూడా కొత్తది కట్టాను, వైర్లు కత్తిరించి, 118 గ్రాములకు తెచ్చాను. పాతది అమ్మలేదు. గురువారం జిమ్‌కి కొత్తగా ఎవరైనా వస్తే వాళ్ల చేతికి అదే ఇస్తున్నాను. ఇచ్చే ముందు బ్యాటరీని అర అంగుళం ముందుకు జరిపి పెడతాను.