జాగ్రత్త: యూరప్ చర్చి చరిత్ర నోట్స్ కొనేముందు ఈ పేజీలు తెరిచి చూడండి

ఎం.ఏ. చరిత్రకూ, లెక్చరర్ పరీక్షలకూ చదివేవాళ్ల గ్రూపుల్లో ఒక స్పైరల్ బైండింగ్ నోట్స్ తిరుగుతోంది. మధ్యయుగాల నుంచి ఫ్రెంచి విప్లవం దాకా చర్చి, మతగురువుల పాత్ర, వాళ్లపై వచ్చిన విమర్శ మొత్తం అందులో ఉందని చెప్పి అమ్ముతున్నారు. డబ్బు ముందే కట్టాలి, వాపసు లేదు. శాంపిల్‌గా పంపేవి మొదటి పేజీలు మాత్రమే. అవి బాగానే ఉంటాయి. తేడా అంతా మత సంస్కరణోద్యమం (16వ శతాబ్దపు రిఫర్మేషన్) అధ్యాయం దగ్గర మొదలవుతుంది.

అచ్చుతప్పులైతే సర్దుకోవచ్చు. ఇవి ఆ రకం కావు. మతగురువులంతా ఒకే ముద్ద అనీ, వాళ్లను తప్పుపట్టినవాళ్లంతా చర్చి బయటివాళ్లనీ ముందే అనుకుని, దానికి తగ్గట్టు సంగతులు వంచి రాశారు. అందుకే ఒక తప్పు దిద్దుకున్నా పక్కది మిగిలిపోతుంది.

ముందు పాప పరిహార పత్రాల (ఇండల్జెన్స్‌లు) పేజీ చూడండి. ‘డబ్బిస్తే పాపాలు పోయేవి’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. చర్చి బోధ అది కాదు. మతగురువు దగ్గర పాపాలు ఒప్పుకుని (పాపసంకీర్తనం), ఆయన క్షమాపణ ఇచ్చాక కూడా ఆ పాపానికి అనుభవించాల్సిన శిక్ష కొంత మిగులుతుంది, అది ఇక్కడ తీరకపోతే చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలో (పర్గేటరీ) తీరాలి. పత్రం తగ్గించేది ఆ శిక్షను. అమ్మకానికి తిరిగినవాళ్లు ఈ తేడాను జనానికి తెలియనివ్వలేదు. చనిపోయినవాళ్ల కోసం కొంటే కొన్నవాడు పశ్చాత్తాపపడక్కర్లేదని కూడా చెప్పారు. ఈ పత్రాలను ప్రశ్నించి జర్మనీలో సంస్కరణోద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పట్టుకున్నది సరిగ్గా ఇలాంటి చోట్లే. మొదటి తేడా రాయకపోతే లూథర్ వాదన ఏమిటో విద్యార్థికి అందదు.

డబ్బు నడిచిన దారి ఇంకా ముఖ్యం. జర్మన్ ప్రభువంశీకుడు బ్రాండెన్‌బర్గ్ ఆల్‌బ్రెక్ట్ 1513లో మాగ్డెబర్గ్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అయ్యాడు, మరుసటి ఏడాది మైంజ్ పీఠం కూడా చేజిక్కించుకున్నాడు. ఉండాల్సిన వయసు రాకుండానే ఒక్కడే ఇన్ని పదవులు ఉంచుకోవడానికి రోముకు పెద్ద మొత్తం కట్టాల్సి వచ్చింది. అది ఆగ్స్‌బర్గ్ ఫుగ్గర్ షావుకార్ల దగ్గర అప్పు తెచ్చాడు. 1515లో పదో లియో పోపు అతని ప్రాంతాల్లో పత్రాల అమ్మకానికి అనుమతి ఇచ్చాడు. వసూళ్లలో సగం రోములో సెయింట్ పీటర్ బసిలికా కట్టడానికి, మిగతా సగం ఫుగ్గర్ల బాకీకి. నోట్స్‌లో ఫుగ్గర్ల పేరే లేదు, ‘పోపు విలాసాల కోసం’ అని ఉంది. పదవి కొనుగోలు, వడ్డీ వ్యాపారం, భక్తి మూడూ ఎలా పెనవేసుకున్నాయో చూపించే ఉదాహరణ ఇది. పది మార్కుల ప్రశ్నకు ఇదే ప్రాణం.

ధరల సంగతీ అంతే. ఆల్‌బ్రెక్ట్ అమ్మకందార్లకు ఇచ్చిన సూచనల్లో అంతస్తును బట్టి రేటు ఉంది: రాజులు, పీఠాధిపతులు కనీసం 25 బంగారు గిల్డర్లు ఇవ్వాలి, కింది అంతస్తులవాళ్లకు తగ్గుతూ వస్తుంది, డబ్బు లేనివాళ్లు ప్రార్థన, ఉపవాసాలతో పొందవచ్చు. నోట్స్ ‘పేదలను పీల్చారు’ అని ఒక్క మాట రాసి వదిలేసింది. పేదల డబ్బు పోలేదని కాదు. కాగితం మీద వాళ్లకు మినహాయింపు ఉండి కూడా ఎందుకు కొన్నారన్నది అసలు అడగాల్సిన ప్రశ్న.

అచ్చుయంత్రం లూథర్‌కే పనికొచ్చినట్టు ఇంకో పేజీలో ఉంది. 1454-55లోనే మైంజ్‌లో పరిహార పత్రాలు అచ్చయ్యాయి. సైప్రస్‌ను తురుష్కుల నుంచి కాపాడే నిధి కోసం అచ్చేసిన ఒంటి ఆకులవి. ఇప్పటి రసీదు పుస్తకంలో లాగే కొన్నవాళ్ల పేరుకూ తేదీకీ ఖాళీ వదిలి, అమ్మేటప్పుడు చేత్తో నింపేవారు. లూథర్ కంటే 60 ఏళ్ల ముందే చర్చి అచ్చును వాడుకుంది.

లూథర్ గురించి ‘చర్చిపై తిరగబడ్డ సామాన్యుడు’ అనీ, ‘95 అంశాలు జర్మన్ భాషలో రాసి తలుపుకు కొట్టాడు’ అనీ ఉంది (పరిహార పత్రాల మీద ఆయన రాసిన వాదాంశాలు, చర్చి తలుపు). ఆయన అగస్టీనియన్ మఠంలో సన్యాసి, గురుపట్టం పొందినవాడు, విటెన్‌బర్గ్‌లో ఆచార్యుడు. వాదాంశాలు లాటిన్‌లో రాశాడు. 1517 అక్టోబర్ 31న వాటిని ఉత్తరంతో పాటు ఆల్‌బ్రెక్ట్‌కు పంపడం ఖాయం, తలుపుకు మేకు కొట్టిన కథ మీద మాత్రం పండితుల్లో వాదం ఉంది. ఆల్‌బ్రెక్ట్ తరఫున పత్రాలు అమ్మిన టెట్జెల్ కూడా డొమినికన్ అనే సంఘానికి చెందిన సన్యాసే. అంటే గొడవ మొదట గురువులకూ గురువులకూ మధ్యే.

అంతకుముందు చర్చిని తప్పుపట్టినవాళ్ల సంగతీ అంతే. ఇంగ్లండులో విక్లిఫ్ స్వయంగా మతగురువు, 1384లో చనిపోతే 1428లో ఎముకలు తవ్వి తీసి కాల్చారు. బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) యాన్ హుస్ కూడా మతగురువే, 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో సజీవ దహనం. డచ్ పండితుడు ఎరాస్మస్ కూడా గురుపట్టం పొందినవాడే. ఈ ముగ్గురినీ నోట్స్ ‘మతవ్యతిరేక మేధావులు’ అనే శీర్షిక కింద పెట్టింది. పరీక్షలో అలా రాస్తే మార్కు పోతుంది.

మంత్రగత్తెల వేట పేజీలో ‘చర్చి 90 లక్షల మందిని కాల్చింది’ అని ఉంది. ఆ అంకె ఎప్పుడో కొట్టేసినది. ఇప్పటి చరిత్రకారులు సాధారణంగా చెప్పేది 40 నుంచి 60 వేల మరణశిక్షలు, వాటిలో ఎక్కువ భాగం రాజ్య న్యాయస్థానాలు వేసినవే. గురువుల తప్పు చిన్నదని కాదు. మంత్రగత్తెలను వెతికి పట్టమని 1480లలో పుస్తకం రాసిన హైన్రిష్ క్రామర్ డొమినికన్ సన్యాసి. చిత్రహింస పెడితే ఎవరైనా ఒప్పుకుంటారని, ఆ విచారణలే అన్యాయమని 1631లో పుస్తకం రాసిన ఫ్రీడ్రిష్ ష్పే కూడా మతగురువే, జెస్యూట్ సంఘం వాడు. స్పెయిన్‌లో ఆరోపణలకు సాక్ష్యం లేదని నివేదించిన సలసార్ స్వయంగా ఇన్‌క్విజిటర్, అంటే మతవిరోధాన్ని విచారించే చర్చి న్యాయస్థానం (ఇన్‌క్విజిషన్) అధికారి. వీళ్లిద్దరూ నోట్స్‌లో లేరు.

గెలీలియోను కాల్చినట్టు కూడా ఉంది, పూర్తిగా తప్పు. 1600లో రోములో కాల్చింది తత్వవేత్త బ్రూనోను. గెలీలియోకు 1633లో విచారణ జరిగింది, 1642లో చనిపోయేదాకా గృహనిర్బంధంలో ఉన్నాడు. స్పానిష్ ఇన్‌క్విజిషన్‌ను (1478), రోమన్ ఇన్‌క్విజిషన్‌ను (1542) ఒకటిగా కలిపేశారు. మొదటిది స్పెయిన్ రాచరికం చేతిలోనిది, రెండోది పోపుది.

కాథలిక్ చర్చి పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ (1545-63) పరిహార పత్రాలను ‘రద్దు చేసింది’ అన్నది జతపరచండి తరహా ప్రశ్నల్లో కొంప ముంచుతుంది. రద్దు కాలేదు. 1562లో వసూళ్లకు తిరిగే అమ్మకందార్ల వ్యవస్థను తీసేశారు, 1567లో ఐదో పియస్ డబ్బుతో ముడిపడ్డ మంజూరులను ఎత్తేశాడు. గురువుల చదువు కోసం సెమినరీలు పెట్టాలని 1563లో తీర్మానించారు. నోట్స్‌లో సెమినరీ అన్న మాటే రాదు.

ఫ్రాన్స్ అధ్యాయంలో ‘మొదటి ఎస్టేట్ అంతా విప్లవాన్ని ఎదిరించింది’ అని ఉంది. మొదటి ఎస్టేట్ అంటే మతగురువులు, రెండోది ప్రభువులు, మూడోది మిగతా జనం. 1789లో మూడు ఎస్టేట్ల ప్రతినిధుల సభ అయిన ఎస్టేట్స్ జనరల్‌కు వచ్చిన గురు ప్రతినిధుల్లో ఎక్కువమంది పల్లె గురువులు. పై పీఠాలు ప్రభువంశీకులవి. ఊరి దశమభాగం (పంటలో చర్చికి కట్టే వంతు) చాలాచోట్ల దూరాన ఉన్న మఠానికో పీఠానికో పోయేది, ఊళ్లో పని చేసే గురువుకు జీతంలా కొంత దక్కేది. ఆ కోపం వల్లే జూన్ 13న పుయతూ ప్రాంతం నుంచి వచ్చిన ముగ్గురు గురువులు మూడో ఎస్టేట్‌లో వచ్చి కూర్చున్నారు. మూడో ఎస్టేట్ అంటే ఏమిటో కరపత్రంగా రాసిన సియెయేస్ కూడా మతగురువే. ఇది తీసేస్తే ఆ జూన్ నెలంతా అర్థం కాదు.

అందుకని శాంపిల్ అడిగేటప్పుడు మొదటి పేజీలు వద్దనండి. ఫుగ్గర్లు, ట్రెంట్, ష్పే, జూన్ 13 ఉన్న పేజీల ఫొటోలు పంపమనండి. నాలుగింట్లో రెండు లేకపోయినా కొనకండి. ఇదే సరుకు వేరే అట్టతో, వేరే పేరుతో అమ్ముతున్నారు కాబట్టి గ్రూపు మారినా ఇదే పరీక్ష పెట్టండి. ఇప్పటికే కొన్నవాళ్లు ‘రద్దు చేసింది’, ‘90 లక్షలు’, గెలీలియో దహనం ఉన్న చోట్ల ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన సరైనది రాసుకోండి. సంస్కరణోద్యమం అధ్యాయం మాత్రం దిద్దడానికి కూర్చోకండి, లైబ్రరీలో మంచి పుస్తకం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదవండి.