మా రైస్ మిల్లులో ఫైబర్ కేబుల్: కొన్నేళ్లు వాడాక

మిర్యాలగూడ దగ్గర మా మిల్లులో ఆఫీసుకూ కాటాకూ మధ్య ఉన్న క్యాట్ 6 (రాగి నెట్‌వర్క్ వైరు) తీసేసి ఫైబర్ వేయించి కొన్నేళ్లయింది. స్పీడు సంగతి నేను మాట్లాడను. కాటా బరువులకూ నాలుగు కెమెరాలకూ ఏ కేబులైనా చాలు. ఫైబర్ నాకింతగా నచ్చింది ఉరుముల వల్ల.

రాగి వైరు ఉన్నన్నాళ్లూ తొలి వానలకే నెట్‌వర్క్ స్విచ్‌లో వైర్లు గుచ్చే పోర్టులు కాలిపోయేవి. పిడుగు మన మీదే పడక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడ్డా రెండు బిల్డింగుల ఎర్తింగులకు తేడా వచ్చి, ఆ కరెంటు ఈ వైరు పట్టుకునే వచ్చేది. ఒకసారి కాటా కంప్యూటర్ మదర్‌బోర్డు కూడా పోయింది. రాగికి 100 మీటర్లే హద్దు కాబట్టి మధ్యలో గోడౌన్‌లో ఇంకో స్విచ్ పెట్టాం, అదీ కాలేది. ఫైబర్ గాజు పోగు, అందులో పోయేది వెలుగు, కరెంటు కాదు. సింగిల్ మోడ్ అనే రకం ఫైబర్ కేబుల్ వేసి, ఆ వెలుగును మళ్లీ రాగి వైరు సిగ్నల్‌గా మార్చే మీడియా కన్వర్టర్లు రెండు కొసలా పెట్టాక పోర్టులు కాలడం ఆగిపోయింది.

అయితే ఒక యాసంగిలో, ధాన్యం లారీలు గేటు బయటిదాకా ఆగి ఉన్న పొద్దున, కన్వర్టర్‌లో ఫైబర్ లైటు ఆరిపోయింది. గుమాస్తా చీటీలన్నీ చేత్తోనే రాశాడు. మధ్యాహ్నానికి టెక్నీషియన్ వచ్చి ఎర్ర లైటు పెన్ను ఒక కొసకు పెట్టాడు. కేబుల్ వెంట చూసుకుంటూ పోతే ఊక గది మూలన చీకట్లో ఎర్రగా కనబడింది. నల్ల తొడుగు నిండా ఎలుక పళ్ల గాట్లు, లోపలి పసుపు దారాలు బయటికొచ్చేశాయి. ఒక కోరు (లోపలి గాజు పోగు) పోతే ఇంకోటి పనికొస్తుందని ఆరు కోర్లది వేయించాం, ఆరూ తెగాయి. ఆదుకున్నది కొసన అదనంగా చుట్టి వదిలిన లూపే. దాన్ని లాగి, గాజు పోగుల్ని కరిగించి అతికే స్ప్లైసింగ్ మెషీన్‌తో ఒక్కచోటే జాయింటు కొట్టి సాయంత్రానికి నడిపించాడు.

ఎలుకలు కొరక్కుండా స్టీలు తొడుగుండే ఆర్మర్డ్ కేబుల్ వేయించమని చాలామంది చెప్పారు. కానీ ఆ స్టీలు మళ్లీ రెండు బిల్డింగులనూ లోహంతో కలుపుతుంది, దానికి ఎర్తింగ్ పక్కాగా చేయాలి. ఏ లోహం వద్దని ఫైబర్‌కు వచ్చానో దాన్నే మళ్లీ తెచ్చుకోవడం నాకిష్టం లేక, లోహం లేని కేబుల్‌నే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో పెట్టి భూమిలో వేయించాను. గోడ దాటే చోట జీఐ పైపు ముక్క పెట్టి, కొసలు సీలు చేయించాను. కేబుల్ కన్నా తవ్వకానికే ఎక్కువైంది.

పిడుగు భయమే ఉండదని మొదట్లో చాలామందికి చెప్పాను. ఇప్పుడైతే, కేబుల్ వెంట రాదు అంటాను. కన్వర్టర్ నడిచేది కరెంటు మీదే కదా, ఆ లైన్లో ఒక్కసారిగా ఎగిసిన వోల్టేజీకి (సర్జ్) ఒక అడాప్టర్ పోయింది. సర్జ్ ప్రొటెక్టర్ తప్పదు. మిల్లు దుమ్ముకు కనెక్టర్ల కొసలు తుడిపించడమూ తప్పదు.

ఒకే బిల్డింగులో, 100 మీటర్ల లోపైతే రాగే చాలు. మాలా విడివిడి షెడ్లుంటే నేను ఫైబర్ వైపే. మాకు స్ప్లైసింగ్ చేసే మనిషి మిర్యాలగూడలోనే దొరుకుతాడు. అతను రావడానికే రెండ్రోజులు పట్టే ఊళ్లో సీజన్ నడిపేవాళ్లు మాత్రం ఇంకోసారి ఆలోచించుకోవాలి.