టీయూఈ (మందుకి పర్మిషన్ కాగితం) తీసుకుని తొక్కడమా, రేస్ మానేసి కూర్చోడమా: సైక్లింగ్‌లో ఏది మేలు?

ఫ్రాన్స్‌లో జరిగే మూడు వారాల సైకిల్ రేస్ టూర్ డి ఫ్రాన్స్‌లో, 2001లో, జొనాథన్ వాటర్స్ అనే అమెరికన్ రైడర్‌కి రెస్ట్ డే నాడు కంటి దగ్గర కందిరీగ కుట్టింది. మొహం వాచిపోయి ఆ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కార్టిజోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్) ఇంజెక్షన్ ఒకటి వేస్తే త్వరగానే తగ్గేది, కానీ రేస్ మధ్యలో అది వేయించుకుంటే అప్పటి రూల్స్ ప్రకారం డోపింగ్ కింద లెక్క, అందుకని టూరే వదిలేసి ఇంటికెళ్ళిపోయాడు. అంతకి రెండేళ్ళ ముందు, 1999 టూర్‌లో, ఇదే వాటర్స్ ఉన్న టీమ్‌కి లీడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని శాంపిల్‌లో కార్టిజోన్ దొరికింది. సీటు పుండ్లకి క్రీమ్ రాసుకున్నాడని పాత డేట్ వేసి ఒక ప్రిస్క్రిప్షన్ రాయించారు, అంతే, కేసు అక్కడితో ఆగింది, ఆయన టూర్ గెలిచాడు. ఆ ప్రిస్క్రిప్షన్ సంగతి 2012లో అమెరికా యాంటీ డోపింగ్ ఏజెన్సీ రిపోర్ట్‌లో నమోదైంది. వాటర్స్ కూడా కడిగిన ముత్యమేం కాదు, తనూ డోపింగ్ చేశానని అదే ఏడాది ఒప్పుకున్నాడు, అయినా కంటికి మందు కావాల్సినవాడు ఇంటికి పోయి, దొంగ కాగితం ఉన్నోడు పోడియం ఎక్కడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

సరే, జబ్బు చేసిన రైడర్‌ని ఏం చెయ్యాలి అనేదానికి ఇప్పుడు సైక్లింగ్‌లో మూడు దారులున్నాయి. పర్మిషన్ కాగితం తీసుకుని మందు వాడుతూ తొక్కడం, ఇంత డోసు దాటకుండా వాడితే కాగితమే అక్కర్లేదనడం, లేదా మందు వాడుకో నాయనా కానీ రేస్ మాత్రం వద్దు అనడం.

మొదటిదాన్ని టీయూఈ అంటారు, అంటే థెరప్యూటిక్ యూజ్ ఎగ్జెంప్షన్. ప్రపంచ యాంటీ డోపింగ్ ఏజెన్సీ వాడా రూల్ ప్రకారం నాలుగు షరతులుంటాయి: జబ్బు ఉన్నట్టు డాక్టర్ ఆధారాలు చూపించాలి, ఆ మందు వల్ల మామూలు ఆరోగ్యానికి రావాలేగానీ అంతకుమించి బలం రాకూడదు, వేరే మందేదీ పనికిరాకూడదు, పాత డోపింగ్ వల్ల వచ్చిన జబ్బు అయ్యుండకూడదు. కాగితం మీద చాలా బావుంది. కానీ రెండో షరతు ఎవరు కొలుస్తారు? బ్రిటిష్ రైడర్ బ్రాడ్లీ విగ్గిన్స్ సంగతే చూడండి. 2011 టూర్‌కి ముందు, 2012 టూర్‌కి ముందు, 2013 జిరో డి ఇటాలియాకి (ఇటలీలో జరిగే మూడు వారాల రేస్) ముందు, మూడుసార్లూ ట్రయామ్సినలోన్ అనే కార్టిజోన్ రకం ఇంజెక్షన్‌కి టీయూఈ వచ్చింది, 40 మిల్లీగ్రాములు, పుప్పొడి అలర్జీ అని. మన దగ్గర నోటిపూతకి రాసుకునే కెనాకార్ట్ పేస్ట్‌లో ఉండే మందే ఇది, కాకపోతే అది చిటికెడు, ఇది కండలోకి పెద్ద డోసు. 2016లో రష్యన్ హ్యాకర్లు వాడా ఫైళ్ళు బయటపెడితేగానీ ఈ విషయం లోకానికి తెలీలేదు. డోపింగ్‌లో దొరికి తర్వాత అన్నీ ఒప్పుకున్న డేవిడ్ మిల్లర్ అయితే ఈ మందు పడ్డ మూడు రోజుల్లో మనిషి ఆకారమే మారిపోతుందని చెప్పాడు, బరువు తగ్గుతుంది, బలం మాత్రం తగ్గదు, కొండలెక్కేవాడికి ఇంకేం కావాలి. 2018లో బ్రిటిష్ పార్లమెంట్ కమిటీ విగ్గిన్స్ తొక్కిన టీమ్ స్కై నైతికంగా గీత దాటిందని రాసింది, విగ్గిన్స్ అది ఒప్పుకోలేదు, తనకి నిజంగానే అలర్జీ ఉందన్నాడు, రూల్ ప్రకారం అతను చేసిన తప్పు ఏదీ నిరూపణ కాలేదు. నాకు బాధ కలిగించేదీ అదే. రూల్ మీరకుండానే ఇంత అనుమానానికి చోటుందంటే లోపం రూల్‌లో ఉన్నట్టే కదా.

రెండో దారి డోసు లిమిట్. దీనికి ఉదాహరణ సాల్బుటమాల్, మన ఇళ్ళల్లో అస్తాలిన్ అంటాం. మా చెల్లికి చిన్నప్పట్నుంచీ ఆయాసం, రాత్రిపూట పిల్లికూతలు మొదలైతే అమ్మ లైట్ వేసి పంపు వెతకడం నాకు ఇంకా గుర్తుంది, అందుకని ఇన్‌హేలర్ వాడే రైడర్లందరూ దొంగలే అనేవాళ్ళతో నాకసలు పడదు. రూల్ ఏంటంటే 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు పీల్చొచ్చు, ఏ 8 గంటల్లో చూసినా 600 దాటకూడదు. 100 మైక్రోగ్రాముల పంపు లెక్కన రోజుకి 16 సార్లు, 8 గంటల్లో 6 సార్లు. రోజువారీ ఆయాసానికి ఇది ధారాళంగా సరిపోతుంది. చిక్కల్లా ఎక్కడంటే, పీల్చింది ఎంతో ఎవరూ చూడరు, మూత్రంలో ఎంతుందో చూస్తారు, మిల్లీలీటర్‌కి 1000 నానోగ్రాములు దాటకూడదంటారు, లెక్కల్లో తేడాలకి ఇంకాస్త వదిలి 1200 దాటితే కేసు పెడతారు. పీల్చినదానికీ మూత్రంలో తేలినదానికీ లెక్క మనిషి మనిషికీ మారుతుంది, ఎండలో ఐదారు గంటలు తొక్కి నీళ్ళు తగ్గినవాడికైతే మరీ మారుతుంది.

2014 జిరోలో డియెగో ఉలిస్సికి 1900 వచ్చింది, తొమ్మిది నెలలు బ్యాన్. 2017 వూల్టాలో (స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేస్) క్రిస్ ఫ్రూమ్‌కి 2000 వచ్చింది, మూత్రం చిక్కదనం లెక్కేసి 1429కి దించారు, అదీ లిమిట్ పైనే, అయినా 2018 జులైలో వాడా సలహా మీద అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ కేసు మూసేసింది. ఆ మధ్యలో కేసు నడుస్తుండగానే ఫ్రూమ్ 2018 జిరో గెలిచాడు, ఆ ఫినెస్ట్రె కొండ మీద ఫినిష్‌కి 80 కిలోమీటర్ల ముందే ఒంటరిగా ఎటాక్ చేసిన రోజు చూస్తూ కూడా ఈ గెలుపు రేపు ఉంటుందో ఉండదో అన్న అనుమానమే. ఫ్రూమ్ తప్పు చేశాడని నేననట్లేదు, ఆ టెస్ట్ మీద వచ్చిన సైన్స్ అభ్యంతరాలు నిజమైనవే. కానీ అవి నిజమైతే ఉలిస్సి పోగొట్టుకున్న తొమ్మిది నెలలకి జవాబెవరు చెప్తారు? పెద్ద టీమ్, పెద్ద లాయర్లు, పెద్ద సైంటిస్టులు ఉన్నవాడికి దొరికే న్యాయం అందరికీ దొరకదు.

ఇంకో విచిత్రం, టెర్బుటలీన్ కూడా ఆయాసం పంపే, కానీ దానికి టీయూఈ కావాలి. 2016 పారిస్–నీస్ రేస్‌లో సైమన్ యేట్స్ అది వాడాడు, టీమ్ డాక్టర్ అప్లికేషన్ పెట్టడం మర్చిపోయాడు, తప్పు తనదేనని డాక్టర్ ఒప్పుకున్నా నాలుగు నెలలు బ్యాన్ పడింది రైడర్‌కే.

మూడో దారి ఎంపీసీసీ వాళ్ళది. 2007లో కొన్ని టీములు తమకు తాముగా పెట్టుకున్న సంఘం ఇది, అసలు రూల్స్ కన్నా గట్టి రూల్స్ పెట్టుకున్నారు. పెద్ద రేస్ ముందు రైడర్ రక్తంలో కార్టిసాల్ అనే హార్మోన్ చూస్తారు, బాగా తక్కువుంటే కనీసం ఎనిమిది రోజులు రేస్ లేదు. బయటినుంచి కార్టిజోన్ ఎక్కువ పోతే ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ పడిపోతుంది, ఆ స్థితిలో కింద పడి గాయమైనా, ఇన్ఫెక్షన్ వచ్చినా ఒళ్ళు తట్టుకోలేదు. ఇక్కడ ఎవరినీ దొంగ అనట్లేదు, బ్యాన్ లేదు, కేసు లేదు, నీ ఒంట్లో బాలేదు, తగ్గాక రా, అంతే. నాకు బాగా నచ్చింది ఇదే.

దీని దెబ్బ తిన్నవాళ్ళూ ఉన్నారు. 2013 వూల్టా గెలిచిన క్రిస్ హార్నర్‌ని 2014లో మొదలయ్యే ముందు రోజు పక్కన పెట్టారు. బ్రాంకైటిస్‌కి కార్టిజోన్ వాడాడు, యూసీఐ టీయూఈ చేతిలో ఉంది, రూల్ ప్రకారం తొక్కొచ్చు, కానీ అతని లాంప్రే టీమ్ ఎంపీసీసీలో ఉంది కాబట్టి గెలిచిన రేస్‌లో నిలబడే అవకాశమే లేకపోయింది, అదీ 43 ఏళ్ళకి దగ్గర పడ్డ మనిషికి. మరుసటి ఏడాది టూర్ ముందు అస్తానా రైడర్ లార్స్ బూమ్‌కీ తక్కువ వచ్చింది, అతని బదులు ఇంకొకర్ని దింపుదామంటే టైమ్ దాటిపోయిందని యూసీఐ ఒప్పుకోలేదు, అస్తానా అతన్నే దింపింది, ఎంపీసీసీలోంచి బయటపడింది. టీమ్ స్కై అయితే అసలు చేరనేలేదు. ఇష్టమైతే పాటించే రూల్‌తో వచ్చే చిక్కు ఇదే, పాటించినవాడు నష్టపోతాడు.

మరి ఏది మేలు అంటే నేను జబ్బుని బట్టి చెప్తాను, అన్నిటికీ ఒకటే మందు పనికిరాదు. జీవితాంతం ఉండే జబ్బుకి టీయూఈ కన్నా మంచి దారి లేదు. టీమ్ నోవో నార్డిస్క్‌లో అందరూ టైప్ 1 షుగర్ ఉన్న రైడర్లే, ఇన్సులిన్ నిషేధిత మందుల లిస్టులో ఉంది, టీయూఈ లేకపోతే ఆ టీమే లేదు, వాళ్ళు మిలాన్–సాన్ రేమో లాంటి 300 కిలోమీటర్ల రేస్‌లో మొదటి నుంచీ బ్రేక్‌అవేలో (అందర్నీ వదిలి ముందు పోయే చిన్న గుంపులో) ఉండటం చూస్తే ఆ కాగితం విలువ తెలుస్తుంది. వాళ్ళని ఎనిమిది రోజులు కూర్చోమంటే అర్థమే లేదు, ఎనిమిది రోజుల్లో తగ్గే జబ్బు కాదుగా. మామూలు ఆయాసానికి డోసు లిమిట్ సరిపోతుంది, లిమిట్ దాటినప్పుడు జరిగే విచారణ మాత్రం చిన్న రైడర్‌కీ పెద్ద రైడర్‌కీ ఒకేలా జరగాలి.

ఒళ్ళంతా పాకే కార్టిజోన్‌కి మాత్రం మూడో దారే, అదీ ఇష్టమున్నవాళ్ళకి కాదు, అందరికీ. వాడా కూడా అటే జరుగుతోంది అనిపిస్తుంది, 2022 నుంచి పోటీ టైమ్‌లో అన్ని రకాల కార్టిజోన్ ఇంజెక్షన్లూ నిషేధం, కండలోకి ట్రయామ్సినలోన్ తీసుకుంటే ఒంట్లోంచి పోవడానికి 60 రోజులు పడుతుందని వాళ్ళే చెప్తున్నారు. 2012లో విగ్గిన్స్ ఇంజెక్షన్‌కీ టూర్ మొదలవడానికీ మధ్య నాలుగు రోజులే. కాకపోతే ఈ నిషేధం మీద కూడా ఇప్పటికీ టీయూఈ అడగొచ్చు, ఆ ఒక్క తలుపు మూసేయాలని నా కోరిక. అంత పెద్ద మందు అవసరమైన మనిషి మూడు వారాలు కొండలెక్కే స్థితిలో లేడని నా నమ్మకం. కాంట్రాక్ట్ చివరి ఏడాదిలో ఉన్నవాడికి ఇది ఎంత కష్టమో తెలుసు, అందుకే అలా కూర్చోబెట్టిన రోజులకి జీతం కొయ్యకూడదని కూడా రూల్‌లోనే రాయాలి.

నేను చెప్పిన ఈ పద్ధతిలో అయినా వాటర్స్‌కి టూర్ దక్కేది కాదు. ఇంజెక్షన్ మాత్రం ఆ రోజే వేసేవాళ్ళు, కన్ను తెరుచుకునేది, అతను కారెక్కి ఇంటికెళ్ళేవాడు, టూర్ ముగిసే పారిస్ ఇంకో వారంలోపే ఉన్నా సరే.