కాంప్‌టాక్స్ డ్యాష్‌బోర్డ్: టైప్ 1 మధుమేహానికి కారణం వెతికేవారికి ఏ మేరకు పనికొస్తుంది?

మా అక్క కొడుక్కి ఆరో ఏట టైప్ 1 మధుమేహం బయటపడినప్పుడు, డాక్టరు గదిలోంచి బయటికి వచ్చీ రాగానే అక్క నన్ను అడిగింది ఒక్కటే: "వాడికి పెట్టకూడనిది ఏం పెట్టానురా?" కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పేవాణ్ణి కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని ఆమె నమ్మకం. ఈ జబ్బుకు జన్యువులు కొంతవరకే కారణమనీ, ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రాకుండా ఉండే సందర్భాలు చాలా ఉన్నాయనీ, మిగిలిన కారణం పరిసరాల్లో ఎక్కడో ఉండాలనీ మాత్రమే నాకు తెలుసు. ఆ మిగిలిన కారణం కోసం వెతుకుతూ అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అంటే ఈపీఏ, నడిపే కాంప్‌టాక్స్ కెమికల్స్ డ్యాష్‌బోర్డ్ అనే వెబ్ సేవను కొన్ని నెలలుగా వాడుతున్నాను.

ఇది పూర్తిగా ఉచితం. పది లక్షలకు పైగా రసాయనాల వివరాలు ఇందులో ఉన్నాయి. నాకు పనికొచ్చిన భాగం మాత్రం రసాయనాలను కణాల మీద యంత్రాలతో వేగంగా పరీక్షించడానికి 2007లో ఈపీఏ మొదలుపెట్టిన టాక్స్‌కాస్ట్, ఆ మరుసటి ఏడాది పలు సంస్థలు కలిసి ప్రారంభించిన టాక్స్21 కార్యక్రమాల సమాచారం. టాక్స్21లో సుమారు పది వేల రసాయనాలను మేరీలాండ్‌లోని ఒక రోబో, ఒక్కోదానిలో 1536 చిన్న గుంటలుండే ప్లేట్లలో పెంచిన కణాల మీద, రకరకాల మోతాదుల్లో పరీక్షించింది. ఒక్కో రసాయనాన్ని ఎలుకలకు ఏళ్ల తరబడి తినిపించి చూసే పాత పద్ధతిలో ఇన్ని రసాయనాలను పరీక్షించడం ఊహకు కూడా అందని పని.

రసాయనం పేరు గానీ, ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన క్యాస్ నంబరు గానీ ఇస్తే, అది ఏయే పరీక్షల్లో ఎంత మోతాదు దగ్గర స్పందన చూపిందో గ్రాఫు మీద చుక్కలుగా కనిపిస్తుంది. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆ గ్రాఫులోనే కణాలు మొత్తంగా చావడం మొదలయ్యే మోతాదును గుర్తుగా చూపడం. ఆ గుర్తుకు దగ్గరలో ఉన్న స్పందనలను అనుమానించాలి, ఎందుకంటే చచ్చిపోతున్న కణం ఏ పరీక్షలోనైనా ఏదో ఒక తేడా చూపిస్తుంది. గుర్తుకు బాగా దిగువన వచ్చిన స్పందనలే పట్టించుకోదగినవి. ప్లాస్టిక్‌లో వాడే బిస్ఫినాల్ ఎ విషయంలో ఈస్ట్రోజన్ హార్మోనును అందుకునే గ్రాహకాల స్పందనలు అలాంటివే. సహజంగానే మధుమేహం వచ్చే ఎన్‌ఓడీ జాతి ఎలుకల్లో ఈ రసాయనం క్లోమంలోని వాపును త్వరపరిచిందని నార్వే శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించారు కూడా. అందువల్ల, తరువాత ఏ రసాయనాన్ని జంతువుల్లో పరీక్షించాలో ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి ఆరంభం నేను చూడలేదు.

అయితే అక్క అడిగిన ప్రశ్నకు ఇది ఎందుకు సరిపోదో కాస్త వివరంగా చెప్పాలి. 1970లలో అమెరికాలో అమ్మిన వేకర్ అనే ఎలుకల మందును మింగి బతికిన కొందరికి, అది ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేయడం వల్ల మధుమేహం వచ్చింది. 1979లో దాన్ని మార్కెట్ నుంచి తీసివేశారు. అలాంటి విషాన్ని ప్లేటులోని కణాలు పట్టివ్వగలవు. కానీ విషం తగిలి బీటా కణం చావడం వేరు, మన రోగనిరోధక వ్యవస్థే నెలలు, సంవత్సరాల పాటు దానిపై దాడి చేయడం వేరు. టైప్ 1 మధుమేహంలో జరిగేది ఈ రెండోది. ఈ దాడికి రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు, వాటికి శత్రువును చూపే హెచ్‌ఎల్‌ఏ అణువులు, లింఫు గ్రంథులు అన్నీ కలిసి పనిచేయాలి. అవేవీ ఆ చిన్న గుంటలో ఒకచోట ఉండవు. ఈ సమాచారం ఆధారంగా ఊబకాయం, మధుమేహాలకు సంబంధించిన రసాయనాలను వరుసపెట్టిన 2016 నాటి విశ్లేషణ కూడా బీటా కణాల పనితీరు, ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు, కొవ్వు కణాల తయారీ వంటివాటినే ఎంచుకుంది.

రెండో లోపం కాలేయం లేకపోవడం. గుంటూరు మిరప రైతులకు బాగా తెలిసిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు శరీరంలో, ముఖ్యంగా కాలేయంలో, ఆక్సాన్ అనే రూపంలోకి మారిన తరువాతే అసలు విషంగా పనిచేస్తుంది. ఆ మార్పు చేసే ఎంజైములు ఈ పరీక్షల్లో వాడిన చాలా కణాల్లో తక్కువ. కాబట్టి ఒక పరీక్షలో స్పందన లేదన్న ఫలితాన్ని హాని లేదనే అర్థంలో తీసుకోకూడదు. పైగా ఇందులో ఉన్నవి రసాయనాలే, వైరస్‌లు లేవు. అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో 8,676 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన టెడ్డీ అధ్యయనం, ఎంటెరోవైరస్ బి రకం పేగుల్లో ఎక్కువ కాలం నిలిచిపోవడానికీ బీటా కణాలపై ఆటోఇమ్యూన్ స్పందన, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థ దాడి, మొదలవడానికీ సంబంధం ఉందని 2019లో చూపింది. ఆ సంగతి ఈ డ్యాష్‌బోర్డులో ఎంత వెతికినా దొరకదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే విద్యార్థులకు, పరిశోధకులకు దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. సమాచారం మొత్తాన్ని దించుకుని సొంతంగా విశ్లేషించుకునే వీలుండటం మన కాలేజీల్లాంటి చోట్ల పెద్ద వరం. పిల్లలకు ఈ జబ్బు వచ్చిన తల్లిదండ్రులకు మాత్రం సిఫార్సు చేయను. తన వంటింటి డబ్బాలోని రసాయనం పేరు పక్కన "యాక్టివ్" అని చూసిన తల్లి, అది ప్లేటులోని కణాల మాట మాత్రమేనని ఎంత చెప్పినా, తప్పు తనదేనని అనుకుంటుంది. అందుకే అక్కకు ఈ పేజీ చూపించలేదు. ఆమె పెట్టిన ఏ ముద్ద వల్లా ఈ జబ్బు వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదని మాత్రం చెప్పాను.