ఢీకొనాలా, సర్దుకుపోవాలా?

బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగు మెస్‌లో రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ అదే వాదన. పాతుకుపోయిన కోర్టులు, సైన్యం, పోలీసులు అడ్డుపడుతుంటే ఎన్నికైన ప్రభుత్వం ఏం చేయాలి? పప్పు చల్లారిపోయినా ఎవరూ లేవలేదు.

ఢీకొంటే: ఈజిప్టులో ఎన్నికైన అధ్యక్షుడు మొర్సీ దారి. 2012 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో దిగువ సభ రద్దయింది. నవంబరులో ఆయన తన నిర్ణయాలను కోర్టులు ప్రశ్నించకుండా డిక్రీ (అధ్యక్షుడి ఆదేశం) తెచ్చాడు. దాంతో కలిసి రావాల్సిన ప్రతిపక్షాలే వీధికెక్కాయి. పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు, రోడ్ల మీద కనిపించని పోలీసులు. 2013 జూలై 3న ఆయన్ను దించింది, ఆయనే రక్షణ మంత్రిని చేసిన సైన్యాధిపతి సిసీ. తర్వాత కొద్ది రోజులకే ఆ బారులు తగ్గాయి, పోలీసులూ తిరిగొచ్చారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

సర్దుకుపోతే: థాయిలాండ్‌లో ప్రధాని యింగ్లక్ సైన్యం జోలికి పెద్దగా పోలేదు. టెన్షన్ తక్కువే, కొంత కాలం దొరికింది. కానీ ఒక అధికారి బదిలీ కేసులో 2014 మే 7న కోర్టు ఆమె పదవి తీసేసింది. 22న సైన్యం అధికారం లాక్కుంది.

ప్రతిపక్షాలు కూడా వెంట ఉంటే ఢీకొనొచ్చు. ఒంటరిగా ఉంటే సర్దుకుపోవడమే మేలు, కానీ దొరికిన ఆ కాలంలోనే ప్రతిపక్షాలను కలుపుకోవాలి.