ఆరేళ్లుగా ఖాతా యాప్, పక్కనే లాంగ్ బుక్: ఒక వైండింగ్ షాపు అనుభవం

మాది దేవరకొండలో మోటార్ వైండింగ్ షాపు. ముందు మడిగెలో స్టార్టర్లు, కేబుళ్లు, ఫ్యూజులు అమ్ముతాం. వెనక రేకుల షెడ్డులో కాలిపోయిన బోరు మోటార్లు విప్పి మళ్లీ చుడతాం. 2020 లాక్‌డౌన్‌లో చేతిలో పని లేక ఫోన్‌లో ఒక ఖాతా యాప్ వేసుకున్నాను. అప్పటి నుంచి దాదాపు రోజూ వాడుతున్నాను. దాని పేరు రాయడం లేదు. ఇప్పుడు ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉన్నాయి, పైగా కొంచెం తిట్టేది కూడా ఉంది.

ఉద్దెర రాసుకోవడానికి యాప్ చాలా బాగుంది. దుకాణం లెక్క రాసుకోవడానికి మాత్రం సరిపోదు. రెండూ ఒకటే అనుకుని నేను రెండేళ్లు తిరిగాను.

మా దగ్గర ఉద్దెర ఎట్లా ఉంటుందో తెలియని వాళ్ల కోసం చెప్తాను. మార్చి నుంచి మే దాకా బోర్లలో నీళ్లు కిందికి పోతాయి, మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. రైతు చీకటి పడ్డాక ట్రాలీ ఆటోలో మోటారు వేసుకొచ్చి పొద్దుటికల్లా కావాలంటాడు. బత్తాయి తోట ఎండిపోతుంటే ఆయన మాత్రం ఎట్లా ఆగుతాడు? పైసలు మాత్రం పత్తి అమ్మినాక. అంటే ఏప్రిల్‌లో నేను నగదు పెట్టి కొన్న రాగి తీగకు డబ్బు నవంబర్‌లోనో సంక్రాంతికో వస్తుంది. మా నాయన ఇదంతా ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకంలో రాసేవాడు, ఉగాదికి పసుపు కుంకుమ పెట్టి కొత్తది తెరిచేవాడు. ఊరికో పేజీ. కొన్నిచోట్ల పేరు కూడా ఉండదు, 'చింతచెట్టు కింది మీసాలాయన – 1,850' అని మాత్రమే ఉంటుంది. నాయన పోయాక ఆ మీసాలాయన ఎవరో ఎవరూ చెప్పలేకపోయారు.

యాప్‌లో ఆ బాధ లేదు. పేరు, ఫోన్ నంబరు, తారీఖు, బిల్లు ఫొటో అన్నీ ఒక్కచోట ఉంటాయి. ఉద్దెర రాయగానే అవతలి వాళ్లకు మెసేజ్ పోతుంది. 'దసరాకు వెయ్యి ఇచ్చిన గదన్నా' అనే పంచాయితీ మా గల్లా ముందు దాదాపు బందైంది. ఇచ్చి ఉంటే ఆయన ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఈ ఒక్క పనికి ఐదుకి ఐదు ఇస్తాను.

ఇక తిట్టాల్సినవి. బాకీ గుర్తుచేసే మెసేజ్ దానంతట అదే పోయే సెట్టింగ్ ఒకటుంది. నేను ఆన్ చేసి మర్చిపోయాను. ఒకాయన మాకు పదిహేనేళ్ల గిరాకీ. బిడ్డ పెళ్లి పనుల్లో వియ్యంకులు ఇంట్లో కూర్చుని ఉండగా ఆయన ఫోన్‌కు '6,200 రూపాయలు వెంటనే చెల్లించండి' అని వచ్చింది. ఆ ఫోన్ అప్పుడు వాళ్ల అల్లుడి చేతిలో ఉందట. మరునాడు పొద్దున్నే వచ్చి పైసలు గల్లా మీద పెట్టి, 'నీ ఫోన్‌ల నా పేరు తీసెయ్ తమ్మీ' అని వెళ్లిపోయాడు. మళ్లీ నాలుగేళ్లు మా షాపు మెట్టెక్కలేదు. ఆ సెట్టింగ్ మొదటి రోజే బంద్ చేయండి. బాకీ అడగాల్సి వస్తే ఫోన్ చేసి, ముందు బోరులో నీళ్లు ఎట్లున్నాయో అడిగి, తర్వాత అడగండి.

రెండోది, నంబరు మారితే ఓటీపీ పాత సిమ్‌కే పోతుంది. నా పాత సిమ్ రీచార్జ్ లేక బందైనప్పుడు పదకొండు రోజులు ఖాతా తెరుచుకోలేదు. అప్పటి నుంచి ప్రతి నెల ఒకటో తారీఖున మొత్తం పీడీఎఫ్ తీసి, ఇంట్లో ఆమె ఫోన్‌కు పంపుతున్నాను. మూడోది, పొద్దున లేస్తే 'మీకు లోన్ సిద్ధంగా ఉంది' అని వచ్చే నోటిఫికేషన్లు. వాటి గురించి రాయడం కూడా దండగ.

అసలు విషయానికి వస్తాను. యాప్ తెరవగానే పైన పెద్ద అక్షరాల్లో 'మీకు రావాల్సింది' అని ఒక అంకె కనిపిస్తుంది. 2022 వేసవిలో అది 2,86,400 చూపించింది. చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉండేది. అదే నెలలో రాగి తీగ కొనడానికి చేతిలో డబ్బు లేక, రెండు రూపాయల వడ్డీకి లక్షా యాభై వేలు తెచ్చాను. నెలకు 3,000. పత్తి డబ్బులు వచ్చి తీర్చేసరికి ఏడు నెలలైంది, 21,000 వడ్డీ కట్టాను. ఒక మోటారు చుడితే ఖర్చులు పోను నాకు 900 మిగిలేది. అంటే 23 మోటార్లు వడ్డీ కోసమే చుట్టాను. ఊరోళ్ల మోటార్లకు నేను వడ్డీ కడుతున్నానని ఆ రోజు కాగితం మీద వేసుకుంటే గానీ తెలియలేదు. యాప్ ఆ మాట ఎన్నడూ చెప్పలేదు. అది ఉద్దెరను చూపిస్తుంది, గల్లాను చూపించదు.

అందుకే 60 రూపాయలు పెట్టి ఒక లాంగ్ బుక్ కొన్నాను. ఎడమ పేజీలో వచ్చింది, కుడి పేజీలో పోయింది. రాత్రి షట్టర్ సగం దించి గల్లా లెక్కపెడతాం. పొద్దున ఉన్నది, వచ్చింది కలిపి, పోయింది తీసేస్తే గల్లాలో ఉన్న దానికి సరిపోవాలి. మొదటి రాత్రే 640 తక్కువ వచ్చింది. నేను వెనక పనిచేసే పిల్లగాడి వైపు అనుమానంగా చూస్తున్నాను. ఇంతలో మా ఆమె, 'పొద్దున సబ్బులకు, బియ్యం పట్టించినదానికి నువ్వే తీసిచ్చినవ్ గదా' అంది. ఆ పిల్లగాడు తలెత్తకుండా స్లీవులు కోస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం సిగ్గేసింది.

ఒక నెల అట్లా రాస్తే గల్లాలోంచి ఇంటికి పోయింది 31,400 అని తేలింది. నన్ను అడిగి ఉంటే పద్దెనిమిది వేలు అని ప్రమాణం చేసి చెప్పేవాణ్ని. ఇప్పుడు ఇంటికి ప్రతి నెల ఐదో తారీఖున 24,000 ఒకేసారి తీసి ఆమె చేతికి ఇస్తాను. మధ్యలో గల్లా ముట్టాలంటే రాసి ముట్టాలి, నేనైనా సరే.

ఇంకొకటి కూడా బయటపడింది. కాలిన మోటారులోంచి తీసిన పాత రాగి. స్క్రాపు వాళ్లు కిలోల లెక్కన కొంటారు. ఇన్నేళ్లూ ఆ డబ్బు నేరుగా నా చొక్కా జేబులోకి వెళ్లి, అక్కడి నుంచి చాయ్‌లకు, పెళ్లి చదివింపులకు పోయేది. పుస్తకంలో వేరుగా రాస్తే, షాపు కిరాయి ఆ పాత రాగి మీదే వెళ్తుందని తేలింది. నా లాంటి పని చేసే వాళ్లు ఈ ఒక్క వరుస తప్పకుండా రాసుకోండి. టైలరుకైనా వడ్రంగికైనా ఇలాంటి పాత రాగి ఏదో ఒకటి ఉంటుంది.

ఉద్దెరకు కూడా ఒక పద్ధతి పెట్టాను: తీగ పైసలు ఇప్పుడు, చుట్టుకూలి పత్తికి. కొందరు మొహం మాడ్చుకుని బస్టాండు వైపు ఇంకో షాపుకు పోయారు, అది నిజం. కానీ రావాల్సింది ఇప్పుడు లక్షా పది వేల దగ్గర ఆగింది. రెండేళ్లుగా వడ్డీకి తేలేదు. రైతు భరోసా ఎకరాకు 6,000 ఖాతాల్లో పడ్డ వారం మాత్రం ఫోన్ పట్టుకుని కూర్చుంటాను, వసూళ్లకు అంతకంటే మంచి వారం లేదు.

పన్నుల విషయంలో యాప్‌ను అసలు నమ్మొద్దు. బావకు చేబదులు ఇచ్చిన 5,000 కూడా అందులో 'ఇచ్చాను' కిందే పడుతుంది, స్టార్టర్ అమ్మింది కూడా అందులోనే పడుతుంది. అమ్మకం ఎంతో విడిగా తెలియదు. అది తెలియాలి, ఎందుకంటే వీడియోల్లో జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు 40 లక్షలు అని చెప్తుంటారు. మన తెలంగాణలో సరుకు మాత్రమే అమ్మినా ఆ హద్దు 20 లక్షలే. మా పక్క షాపాయన వీడియో నమ్మి ఇబ్బంది పడ్డాడు. నేను కొన్న సరుకు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి, నెలనెలా 2బీతో (మనకు అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే పట్టీ) సరిచూస్తాను. ఒకసారి ఒక హోల్‌సేల్ ఆయన 40,000 బిల్లు రిటర్న్‌లో ఎక్కించలేదు. 18 శాతం లెక్కన ఆ కొనుగోలు మీద నేను కట్టిన జీఎస్టీ 7,200, నా పన్నులో తగ్గాల్సిన ఆ క్రెడిట్ అక్కడే ఆగింది. మూడు నెలలు వెంటపడితే ఎక్కించాడు.

క్యూఆర్ డబ్బులు మొదట నా సేవింగ్స్ ఖాతాకే వచ్చేవి. పిల్లల ఫీజు, రాగి తీగ, చిట్టీ అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో కలిసిపోయేవి. కరెంట్ అకౌంట్ తీసి క్యూఆర్ దానికి మార్చాను. వడ్డీ రాదు, కనీస బ్యాలెన్స్ ఉంచాలి, అది కొంచెం బాధే. కానీ ముద్ర లోన్‌కు పోయినప్పుడు బ్యాంకులో అడిగిన ఆరు నెలల లెక్క ఒక్క కాగితంతో అయిపోయింది. అమ్మకంలో ఇంత శాతం లాభం అని అంచనాగా చూపించి ఆదాయపు పన్ను రిటర్న్ వేసే చిన్న వ్యాపారులు నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం లాభం చూపించాలి, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం చూపిస్తే చాలు. అది కూడా కలిసొచ్చింది.

పెద్ద బాకీలకు మాత్రం ఇప్పటికీ పుస్తకమే. మామూలుగా బాకీ మీద కోర్టుకు పోవాలంటే మూడేళ్లే గడువు. ఆ లోపు బాకీదారు ఇంత ఇవ్వాలని రాసి సంతకం పెడితే, ఆ తారీఖు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. యాప్‌లో సంతకం పెట్టించే దారి నాకు దొరకలేదు. నేను ఎవరినీ కోర్టుకు లాగలేదు, లాగను కూడా. అయినా పదివేలు దాటితే ఉగాదికి పేజీ తిప్పి సంతకం పెట్టించుకుంటాను.

మొత్తం మీద యాప్‌కు ఐదుకి మూడున్నర, 60 రూపాయల లాంగ్ బుక్‌కు నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, పోయిన వానాకాలం షెడ్డు కారి నలభై పేజీలు తడిశాయి.

పోయిన నెల ఆ పెళ్లి ఇంటాయన కొడుకు 5 హెచ్‌పీ మోటారు తెచ్చాడు. తీగ పైసలు లెక్కపెట్టి ఇచ్చి, కూలి పత్తికి అన్నాడు. నేను ఫోన్ తీయబోయాను. 'అన్నా, నాయన చెప్పిండు, పేరు పుస్తకంలనే రాయమన్నడు, ఫోన్‌ల వద్దంట' అన్నాడు. పుస్తకంలోనే రాసుకున్నాను.